'డౌటిలీ' అంటే అనుమానంగా కాదు, ధైర్యంగా

మీరు అనువదిస్తున్న పాత ఇంగ్లిష్ కథలో సైనికుడు 'డౌటిలీ' (doughtily) పోరాడాడని ఉందనీ, దాన్ని 'అనుమానిస్తూ పోరాడాడు' అని రాస్తే అర్థం పొసగడం లేదనీ అడిగారు. నిజమే, పొసగదు. చెవికి ఒకేలా వినిపించినా, సందేహాన్ని చెప్పే డౌట్‌కూ దీనికీ చుట్టరికమే లేదు. అక్షరాలు చూడండి: డౌట్‌లో పలకని 'బి' ఉంటుంది, ఇందులో పలకని 'జి', 'హెచ్' ఉంటాయి. డౌట్ లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. డౌటిలీకి మూలమైన డౌటీ మాత్రం ప్రాచీన ఇంగ్లిష్ సొంత మాట. జర్మన్‌లో దీని తోబుట్టువు లాంటి మాటకు నేటికీ సమర్థుడనే అర్థం.

అందుకే ఇందులో ధైర్యంతో పాటు పట్టు విడవని గట్టితనమూ ఉంది. 'మొక్కవోని ధైర్యంతో పోరాడాడు' అని రాయండి. మొక్కవోవడమంటే కత్తి పదును పోయి మొద్దుబారడం. సైనికుడి కథకు ఇంతకన్నా చక్కగా అతికే మాట నాకు తోచలేదు. 'వీరోచితంగా' తప్పు కాదు గానీ, వాడి వాడి అరిగిపోయింది.

మీరు సొంతంగా ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు మాత్రం దీని జోలికి వెళ్లకండి. డౌటీ అనే విశేషణం ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంది, డౌటిలీ చాలా అరుదు. 'బ్రేవ్‌లీ' చాలు. 'వాలియంట్‌లీ' కూడా బాగుంటుంది, కానీ 'వాలియంట్‌లీ ప్రయత్నించాడు' అంటే చాలాసార్లు గెలవలేకపోయాడనే ధ్వని వస్తుంది.