తనని ఒక ముఠా వెంటాడుతోందని అన్నయ్య అర్జీలు పెడుతూనే ఉన్నాడు. మేం ఆపాలా, వెంట వెళ్లాలా?

వెంట వెళ్లండి. మీ అన్నయ్య ప్రతి సోమవారం గ్రీవెన్స్‌కి, అంటే కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే చోటికి వెళ్లి "ఎవరు చేయిస్తున్నారో తేల్చండి" అని కాగితం ఇస్తున్నారని, ఇంటి పరువు పోతోందని రాశారు. మాది శ్రీకాకుళం. మా అప్ప (అక్క) ఇంట్లో ఇదే నడిచింది. పరువు సంగతి తర్వాత, ముందు ఆ కాగితంలో ఏముందో మీరూ పక్కన కూర్చుని చదవండి.

మా బావ ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టుకునేవారు. తేదీ, టైము, చోటు, బండి నంబరు. ఏడురోడ్ల జంక్షన్‌లో తెల్ల కారు, డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర హెల్మెట్ మనిషి. ఎర్ర పెన్నుతో గీతలు కొట్టినవన్నీ ఏపీ 39 బళ్లే. "మన జిల్లాది ఏపీ 30 కదా, వీళ్లంతా ఒకే సిరీస్‌తో ఎక్కణ్ణుంచి దిగారు?" అనేవారు. 2019 నుంచి రాష్ట్రమంతా కొత్త బళ్లకి ఏపీ 39 ఇచ్చారని చెప్పి, నా స్కూటీ ఆర్సీ చూపించాను. "గుర్తుపట్టకుండా ఉండాలనే అలా మార్చారు" అన్నారు. ఇక ఏం వాదిస్తాం? మనం తెచ్చిన రుజువు కూడా కుట్రలోనే కలిసిపోతుంది. అలాగని ఊఁ కొట్టకూడదు. వాళ్లమ్మగారు జాలిపడి "నేనూ చూశాను నాయనా" అన్నారు. మర్నాటికి ఆవిడ పేరు సాక్షిగా నోట్‌బుక్‌లోకి ఎక్కింది.

ఆఫీసుల తీరు దీనికి ఆజ్యం పోస్తుంది. అర్జీకి నంబరు పడి, పైనుంచి కిందకి దిగి, చివరికి స్థానిక స్టేషన్‌కే వస్తుంది. బావ ఏ కానిస్టేబుల్ మీద అనుమానం రాశారో, విచారణకి ఇంటికి వచ్చింది ఆయనే. తర్వాత అర్జీ పరిష్కారమైందని మెసేజ్. ఏ జబ్బూ లేనివాడికైనా ఒళ్లు మండుతుంది కదా!

సమాచార హక్కు కింద కూడా "నన్నెందుకు వెంటాడుతున్నారు?" అని అడిగారు. ఆ చట్టంతో ఆఫీసులో ఉన్న కాగితాలు అడగొచ్చు గానీ, ఎందుకు అన్నదానికి అధికారి జవాబు చెప్పక్కర్లేదు. సమాచారం లేదని కవరు వస్తే, దాచారనడానికి అది ఇంకో రుజువైంది. ఇద్దరం కూర్చుని మార్చి రాశాం: ఫలానా నంబరు అర్జీ మీద విచారణ నివేదిక కాపీ ఇవ్వండి అని. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. నివేదిక వచ్చింది, అరపేజీ. కోపం తగ్గలేదు గానీ, బావ నా మాట చెవిన పెట్టింది ఆ తర్వాతే.

అంతా భ్రమే అని ముందే తేల్చేయకండి కూడా. లోన్ యాప్ ఏజెంట్లు, పొలం తగాదా ఉన్న దాయాదులు, వదలని మాజీ భర్త... వెంటపడేవాళ్లు నిజంగానే ఉంటారు. వాళ్లకి ఒక పేరు, ఒక కారణం ఉంటాయి. మగవాడు ఆడమనిషి వెంటపడితే బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 78వ సెక్షన్ ఉంది. స్టేషన్‌లో కేసు కట్టకపోతే ఎస్పీకి పోస్టులో పంపొచ్చు, ఆపైన మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. ఫోన్ మీద అనుమానమంటే వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ (ఆ ఖాతా ఇంకే ఫోన్లో, కంప్యూటర్లో తెరిచి ఉందో చూపే జాబితా) ఆయన ఎదురుగానే తెరిచి చూడండి. ముక్కూమొహం తెలియని వందల మంది, పగలూ రాత్రీ, ఊరూరా అన్నప్పుడే కథ వేరు. 2015లో షెరిడన్, జేమ్స్ అనే పరిశోధకులు, గుంపు వెంటాడుతోందన్న 128 మంది మాటల్ని, ఒక్కడే వెంటాడాడన్న 128 మంది మాటలతో పోల్చారు. మొదటివన్నీ భ్రమలుగానే తేలాయి, రెండోవాటిలో 4 శాతం లోపే. కానీ ఎక్కువగా కుంగిపోయింది కూడా ఆ మొదటివాళ్లే.

మన వైపు పూర్వం "చిల్లంగి (చేతబడి) పెట్టారు" అనేవారు, ఇప్పుడు చిప్పు పెట్టారంటున్నారు. చిల్లంగి అనుమానంతో మనుషుల్ని చంపిన కేసులు ఉత్తరాంధ్రలో ఉన్నాయి. అందుకే నోట్‌బుక్‌లో పక్కింటివాళ్ల పేర్లుంటే, చాటుగా వాళ్లకి ఒక మాట చెప్పి ఉంచండి. ఇది మాత్రం వాయిదా వేయకండి.

మెంటల్ డాక్టరంటే బావ గుమ్మం దాటేవారు కాదు. నిద్ర పట్టడం లేదని ఒకరోజు తనే అన్నారు. అప్ప ఆ మాట పట్టుకుని తీసుకెళ్లింది. వెళ్లేముందు 14416కి ఫోన్ చేసింది, టెలీమానస్ అని మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు, ఇంట్లోవాళ్లూ చేయొచ్చు. మాత్రలు కాఫీలో కలిపెయ్యమని చుట్టాలు సలహా ఇస్తారు, వినకండి. ఒక్కసారి దొరికిపోతే "ఇంట్లోవాళ్లనీ కొనేశారు" అయిపోతుంది. బావ అనుమానం పూర్తిగా వదల్లేదు. మాత్రలు వేసుకుంటున్నారు, డ్యూటీకి వెళ్తున్నారు.

వచ్చే సోమవారం కొత్త అర్జీ రాయనివ్వకండి. పాత అర్జీల నంబర్లన్నీ ఒక కాగితం మీద ఎక్కించి, వాటి నివేదికలు మాత్రం అడగండి. పొద్దున్నే టిఫిన్ చేసి బయల్దేరండి, అక్కడ లైను పెద్దదే.