రాజీనామాకి ముందు శనివారాలు బడికి వెళ్ళు

చిరంజీవి నాన్నకి,

పెద్దమ్మ ఆశీస్సులు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి లెక్కల టీచర్ అవుదామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఆ తర్వాత నీ మెసేజూ చూశాను. "బీఈడీ చేస్తే సరిపోతుందా పెద్దమ్మా?" అని అడిగావు. సరిపోదు. కానీ అది లేకుండా జరగదు కూడా. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతానని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. కోడలికి కూడా చదివి వినిపించు, ఎందుకంటే ఇందులో సగం భారం ఆ పిల్ల మీద పడుతుంది.

ముందుగా ఒక పని చెయ్యి. శనివారం నీకు సెలవు, బడికి కాదు. రెండో శనివారం తప్పిస్తే మన సర్కారు బడులు శనివారం నడుస్తాయి. మీ ఇంటికి దగ్గర్లో ఉన్న జిల్లా పరిషత్ హైస్కూలుకి వెళ్ళి హెడ్మాస్టరుగారిని కలువు. ఏడో తరగతికో ఎనిమిదో తరగతికో వారానికి ఒక పీరియడ్ లెక్కలు చెబుతాను, జీతం అక్కర్లేదు అని అడుగు. లెక్కల టీచర్ ఖాళీ ఉన్న బడి అయితే సంతోషంగా ఒప్పుకుంటారు. ఒక టర్మ్ పాటు మానకుండా వెళ్ళు. మొదటి రెండు వారాలు పిల్లలకి కొత్త సారు వచ్చాడన్న సరదా ఉంటుంది, నీకూ ఉంటుంది. ఆ సరదా తీరాక, చెప్పిందే నాలుగోసారి చెప్పాల్సి వచ్చినప్పుడు, వెనక బెంచీలో ఇద్దరు కొట్టుకుంటున్నప్పుడు కూడా వచ్చే శనివారం ఎప్పుడొస్తుందా అనిపిస్తే అప్పుడు బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌కి అప్లై చెయ్యి. అలా అనిపించకపోతే ఉద్యోగం ఎటూ చేతిలోనే ఉంది, నష్టం ఏమీ లేదు.

తరగతిలో నిన్ను ఆపేది తెలివైనవాళ్ళ ప్రశ్న కాదు. 1/2, 1/3 కూడమంటే సగం తరగతి 2/5 అని రాస్తుంది. పైవి పైకి, కిందవి కిందకి కూడేస్తారు. నువ్వు "తప్పు, క.సా.గు. తియ్యాలి" అని బోర్డు మీద చేసి చూపిస్తావు, వాళ్ళు ఎక్కించుకుంటారు, మర్నాడు మళ్ళీ 2/5 రాస్తారు. అక్కడ ఆగాలి. "సగం రొట్టె తిన్నావు, ఇంకో మూడో వంతు పెట్టారు. మొత్తం సగం కన్నా ఎక్కువ తిన్నావా తక్కువా?" అని అడుగు. ఎక్కువే అంటారు. "మరి 2/5 సగం కన్నా ఎక్కువా తక్కువా?" అని అడిగి నోరు మూసుకుని నిలబడు. ఆ నిశ్శబ్దం భరించడం చాలామంది కొత్త టీచర్లకి చేతకాదు, తామే జవాబు చెప్పేస్తారు. ఒక పిల్ల నెమ్మదిగా "తక్కువ సార్, అంటే నాది తప్పు" అంటుంది. క.సా.గు. ఎందుకో ఆ తర్వాత చెబితే చెవికెక్కుతుంది. ఇది ఏ పుస్తకం చదివినా రాదు, చేస్తేనే వస్తుంది. అందుకే శనివారాల మీద అంత పట్టుబడుతున్నాను.

ఇక బీఈడీ. టీచర్ చదువులకి నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ 2014లో ఇచ్చిన నిబంధనల ప్రకారం అది రెండేళ్ళ కోర్సు. ఎడ్‌సెట్‌కి గరిష్ఠ వయసు లేదు కాబట్టి 36 ఏళ్ళని సిగ్గుపడకు. నీ బీఎస్సీ ఎంపీసీ మార్కులు 50 శాతం దాటాయి కదా, చాలు. ఎంసీఏ ఇక్కడ పెద్దగా కలిసిరాదు, డిగ్రీలో చదివిన లెక్కలే నీకు ఆధారం. మెథడాలజీ, అంటే బోధించే సబ్జెక్టు, లెక్కలే పెట్టుకో, ఫిజికల్ సైన్సుకి పోకు. నీకు చిన్నప్పటి నుంచీ లెక్కలంటేనే ప్రాణం, ఆ ప్రాణం పిల్లలకి తెలిసిపోతుంది. నీ స్నేహితుడు బీటెక్ వాడు కూడా అడుగుతున్నాడన్నావు. ఇంజినీరింగ్ వాళ్ళకి ఎన్‌సీటీఈ 55 శాతం అంటుంది. ఆ తర్వాత పోస్టుకి ఏ డిగ్రీ కావాలన్నది నోటిఫికేషన్‌లో వేరేగా ఉంటుంది. ఆ రెండూ చదివాకే దిగమను.

ఎడ్‌సెట్ నీకు కష్టం కాదు. 150 మార్కుల్లో సబ్జెక్టుకి 60, మిగతావి టీచింగ్ ఆప్టిట్యూడ్, ఇంగ్లిష్, జనరల్ నాలెడ్జ్, కంప్యూటర్. పరీక్ష గురించి దిగులు పడకు, కాలేజీ ఎంచుకునేటప్పుడు పడు. "మీరు రోజూ రానక్కర్లేదు సార్, ఫీజు కట్టండి, పరీక్షలకి రండి, మిగతాది మేం చూసుకుంటాం" అనే కాలేజీలు ఉన్నాయి. ఉద్యోగం చేసుకుంటూ పట్టా తెచ్చుకోవచ్చని నిన్ను ఊరిస్తారు. వద్దు నాన్నా. నిబంధనల్లో తరగతులకి 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం హాజరు ఉండాలి. ఇంటర్న్‌షిప్ కింద మొదటి ఏడాది నాలుగు వారాలు, రెండో ఏడాది పదహారు వారాలు బడిలో గడపాలి. ఆ ఇరవై వారాలే ఈ కోర్సుకి అసలు విలువ. నీ పాఠం వెనక బెంచీలో కూర్చుని చూసి, సాయంత్రం "నువ్వు బోర్డుకి పాఠం చెప్పావు బాబూ, పిల్లలకి కాదు" అని మొహం మీద చెప్పే గైడ్ టీచర్ దొరికితే వదలకు. రికార్డు పక్కవాడిది చూసి రాసేవాళ్ళని చూసి నువ్వు మారకు. డిస్టెన్స్‌లో చేద్దామనే ఆలోచన కూడా మానుకో. ఇగ్నో బీఈడీ ఇప్పటికే శిక్షణ పొందిన టీచర్లకే, కొత్తగా వచ్చేవాళ్ళకి కాదు.

బీఈడీ తర్వాతి మెట్టు టెట్, అంటే టీచర్ అర్హత పరీక్ష. కోర్సు చివరి ఏడాదిలో ఉండగానే రాయొచ్చు, రాసెయ్యి. నీది పేపర్ 2. మొత్తం 150 మార్కులు: శిశు వికాసం 30, తెలుగు 30, ఇంగ్లిష్ 30, లెక్కలు-సైన్సు కలిపి 60. లెక్కల వాళ్ళు పడిపోయేది ఆ సైన్సు దగ్గరే. పదో తరగతి తర్వాత జీవశాస్త్రం ముట్టనివాడివి, ఆరు నుంచి పది దాకా రాష్ట్ర ప్రభుత్వ ఎస్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు తెచ్చుకుని మొదటి పేజీ నుంచి చదువు. గైడ్లు కొనకు. తెలుగు కూడా తేలిక అనుకోకు, సంధులు, సమాసాలు, ఛందస్సు మర్చిపోయి ఉంటావు. ఓసీ వాళ్ళకి 60 శాతం, అంటే 90 మార్కులు వస్తే పాసే. అక్కడితో తృప్తి పడకు. సర్కారు టీచర్ పోస్టుల పరీక్ష డీఎస్సీలో టెట్‌కి 20 మార్కుల వెయిటేజి ఉంది. టెట్‌లో 90 వస్తే అక్కడ 12 కలుస్తాయి, 130 వస్తే 17 దాటుతాయి. అరమార్కుతో పోస్టులు పోయే చోట ఐదు మార్కుల తేడా అంటే ఉద్యోగమే. సర్టిఫికెట్ ఇప్పుడు జీవితాంతం చెల్లుతుంది, మార్కులు పెంచుకోవడానికి మళ్ళీ మళ్ళీ రాయొచ్చు.

డీఎస్సీ గురించి నీతో ఖరాకండిగా మాట్లాడాలి. మన తెలంగాణలో 2017లో డీఎస్సీ టీఆర్‌టీ అనే పేరుతో వచ్చింది, మళ్ళీ పరీక్ష జరిగింది 2024లో. ఆంధ్రాలో 2018 తర్వాత 2025లో జరిగింది. ఇంత ఎడం ఉన్నదాన్ని నమ్ముకుని ఇల్లు నడపలేం. 2024లో 11,062 పోస్టులని పేపర్లలో పెద్దక్షరాల్లో వేశారు. అందులో 6,508 ఎస్జీటీలు, అంటే ప్రాథమిక తరగతుల టీచర్లు, అవి డీఈడీ వాళ్ళవి. బీఈడీ వాళ్ళు ప్రాథమిక తరగతుల పోస్టులకి అర్హులు కారని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చేసింది. హైస్కూలు పాఠాలు చెప్పే స్కూల్ అసిస్టెంట్లు 2,629. వాటినే అన్ని సబ్జెక్టులకి, అన్ని జిల్లాలకి, రిజర్వేషన్ల రోస్టర్‌కి పంచితే ఒక జిల్లాలో లెక్కలకి ఎన్ని మిగులుతాయో నువ్వే ఊహించుకో. నిరుత్సాహపరచడానికి కాదు ఇది రాయడం. మన ఊరి అబ్బాయిలు కొందరు పదేళ్ళుగా దిల్‌సుఖ్‌నగర్ గదుల్లో నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ ఒక్క పిల్లవాడికి కూడా పాఠం చెప్పకుండా ఉండిపోయారు, వాళ్ళని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. నువ్వు బడిలో పాఠాలు చెబుతూ డీఎస్సీ రాయి. గత నోటిఫికేషన్‌లో వయసు 46 దాకా ఇచ్చారు కాబట్టి నీకు ఒకటి రెండు అవకాశాలు దొరుకుతాయి. కేంద్రీయ విద్యాలయాల టీజీటీ పోస్టుకి మాత్రం నీకు వయోపరిమితి 35 దాటింది, అది వదిలెయ్యి. గురుకులాలకి వేరే నియామక బోర్డు ఉంది, దానికీ టెట్ కావాలి. కానీ అక్కడ పాఠంతో పని అయిపోదు, స్టడీ అవర్లూ రాత్రి డ్యూటీలూ ఉంటాయి. మీ చంటిది పెద్దయ్యేదాకా ఆలోచించి వెయ్యి.

అంటే మొదటి ఉద్యోగం ప్రైవేటు బడిలోనే. జూన్‌లో బడులు తెరుస్తారు కాబట్టి మార్చి నుంచి మే దాకా వెతకాలి. ఆదివారం పేపర్లో "టీచర్లు కావలెను" ప్రకటనలు వస్తాయి. కానీ మంచి బళ్ళు ప్రకటన ఇవ్వకముందే తెలిసినవాళ్ళ ద్వారా నింపుకుంటాయి, నీ ఇంటర్న్‌షిప్ పరిచయాలు అక్కడ పనికొస్తాయి. డెమో అడుగుతారు, పావుగంటో ఇరవై నిమిషాలో. ఖాళీ గదిలో ప్రిన్సిపాల్‌గారూ మరో ఇద్దరు టీచర్లూ పిల్లల్లా కూర్చుంటారు. వీలైతే నిజం పిల్లలున్న తరగతిలో చెబుతానని మర్యాదగా అడుగు. పీపీటీ తీసుకెళ్ళకు. మీ ఆఫీసు అలవాటు అది, బోర్డు వాడటం వచ్చా రాదా అనే వాళ్ళు చూస్తారు. బోర్డుని నిలువునా రెండు భాగాలు చేసుకో. ఎడమవైపు రాసింది పాఠం అయ్యేదాకా చెరపకు, కుడివైపు లెక్కలు చేసి చెరుపుకో. రాసేటప్పుడు పక్కకి తిరిగి నిలబడితే చేతి కింద అక్షరాలు పిల్లలకి కనబడతాయి. ఒక్క చిన్న విషయం తీసుకుని పూర్తిగా చెప్పు, చాప్టర్ మొత్తం చెప్పబోకు.

వాళ్ళు నిన్ను అడగడం అయ్యాక నువ్వూ అడగాలి. జీతం పన్నెండు నెలలా పదినెలలా? వేసవిలో అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిప్పుతారా? వారానికి ఎన్ని పీరియడ్లు, ఒక్కో సెక్షన్‌లో ఎంతమంది? పీఎఫ్ కడతారా? ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామంటే ఒప్పుకోకు, చూపించి జిరాక్సులు ఇచ్చి వచ్చెయ్యి. మధ్యలో మానేస్తావని వాటిని ఆపి ఏడిపించిన యాజమాన్యాలని చూశాను, వాటికోసం కాళ్ళరిగేలా తిరిగిన టీచర్లనీ చూశాను. నీది సాఫ్ట్‌వేర్ అని తెలిసి కంప్యూటర్ ల్యాబూ, వెబ్‌సైటూ, ఎగ్జామ్ సాఫ్ట్‌వేరూ అన్నీ నీ నెత్తిన పెడతామంటారు. మొదటి ఏడాది మాత్రం గట్టిగా వద్దను, నీకు పిల్లలతో పీరియడ్లు కావాలి. పదో తరగతి కూడా అప్పుడే తీసుకోకు. ఆరు, ఏడు, ఎనిమిది అడుగు. పదిలో సిలబస్ పరుగు తప్ప నేర్చుకునే తీరిక నీకూ ఉండదు, వాళ్ళకీ ఉండదు.

డబ్బు సంగతి కోడలితో కూర్చుని మాట్లాడు. చదువు రెండేళ్ళూ సంపాదన లేనట్టే లెక్క వేసుకో. ఆ తర్వాత వచ్చే జీతం ఇప్పుడు నువ్వు తెచ్చేదాంట్లో నాలుగో వంతు ఉన్నా సంతోషించాలి. ఫ్లాట్ లోను తీరేదాకానో, కనీసం వాయిదా కోడలి జీతంలోంచి కట్టగలిగేదాకానో ఉద్యోగం మానకు. కంపెనీ ఇన్సూరెన్స్ పోతుంది కాబట్టి రాజీనామాకి ముందే మీ ముగ్గురికీ, మీ అమ్మానాన్నకీ సొంతంగా హెల్త్ పాలసీ తీసుకో. మీ నాన్నకి షుగర్ ఉంది, అలాంటి జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, ఎంత ముందు తీసుకుంటే అంత మంచిది. ఈ మాట మీ నాన్నకి నేను చెబుతాను, నువ్వు చెబితే ఖర్చు అని వద్దంటాడు.

ఇంకొక పని ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. డీఎస్సీలో 95 శాతం పోస్టులు స్థానికులకే, ఆ స్థానికత ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివావన్నదాన్ని బట్టి. నువ్వు మూడు దాకా విజయవాడలో, నాలుగు నుంచి ఏడు దాకా మధిరలో చదివావు, కాబట్టి ఖమ్మం జిల్లా వాడివే. కానీ ఆ ఏడేళ్ళకీ స్టడీ సర్టిఫికెట్లు చేతిలో ఉండాలి. నువ్వు నాలుగు, ఐదు చదివిన ప్రైవేటు బడి మూతబడింది. అలాంటి బడి రికార్డుల సంగతి మండల విద్యాధికారి ఆఫీసులో అడగాలి, ఒక్క రోజులో తేలే పని కాదు. సర్టిఫికెట్‌లో నీ పేరు, ఇంటిపేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా ఉందో లేదో అక్కడే నిలబడి చూసుకో. సంక్రాంతికి వస్తున్నారుగా, ఒక రోజు ముందు బయల్దేరి ఆఫీసు పనిరోజు ఉండేలా చూసుకో. నేనూ వస్తాను, అక్కడ పనిచేసే ఒకరిద్దరు నా దగ్గర చదువుకున్నవాళ్ళే. ఈలోగా శనివారం సంగతి ఏమైందో, ఏ బడి ఒప్పుకుందో, ఏ తరగతి ఇచ్చారో నాకు ఫోన్ చేసి చెప్పు.

ప్రేమతో,
పెద్దమ్మ