తగవు, తగాదా: విమాన సిబ్బంది వివాదం

సందేహం: మహారాష్ట్రలో ప్రాణహిత ఒడ్డున ఉన్న మా సిరొంచలో మరాఠీవాళ్లు 'తగాదా లావ్‌లా' అంటే బాకీ కోసం వెంటపడ్డాడని అర్థం. తెలుగు పత్రికల్లో 'విమాన సిబ్బంది తగాదాలో ప్రభుత్వ మధ్యవర్తిత్వం' అని చదువుతున్నాం. తగవు, తగాదా ఒకటేనా? ఇక్కడ ఏది సరైనది?

సమాధానం: ఒకటి కావు. తగాదా అరబ్బీ 'తకాజా'. ఫారసీ, ఉర్దూల మీదుగా వచ్చింది. ఇవ్వవలసినది ఇమ్మని ఒత్తిడి చేయడమే దాని మూలార్థం. ప్రాణహితకు మీ ఒడ్డున మరాఠీ ఆ అర్థాన్ని నిలుపుకుంది. తెలుగు మాత్రం బాకీ అడిగాక జరిగేదానికి ఆ పేరు పెట్టుకుంది.

తగవు అచ్చతెనుగు. 'తగు' ధాతువు నుంచి పుట్టి, తగినది, న్యాయమైనది అనే అర్థంలో వాడుకైంది ('తగుదునమ్మా' అని వచ్చేవారిదీ ఈ ధాతువే). తిక్కన సోమయాజికి తగవు అంటే న్యాయం. తగవరి అంటే న్యాయమెరిగి చెప్పే మధ్యస్థుడు. ఉద్యోగపర్వంలో కౌరవసభకు వెళ్లిన కృష్ణుడు చెప్పింది ఆ తగవే. అయితే ఎంత చెప్పినా, ఒప్పుకోని దుర్యోధనుడి చేత పాండవుల భాగం ఇప్పించే అధికారం రాయబారికి లేదు. పెద్దల దగ్గర తగవు కోరేది పోట్లాడుకున్నవారే కనుక, కాలక్రమంలో పోట్లాటే తగవైంది.

చట్టభాషలో ఈ రెండూ వద్దు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం నుంచి 'వివాదం' స్థిరపడింది. నన్ను నొప్పించేది 'మధ్యవర్తిత్వం'. 2024 మేలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ సిబ్బంది మూకుమ్మడిగా అనారోగ్య సెలవు పెట్టినప్పుడు, కేంద్ర ప్రధాన లేబర్ కమిషనర్ ఇరుపక్షాలనూ కూర్చోబెట్టగా, తొలగించిన 25 మందిని సంస్థ తిరిగి తీసుకోవడానికి ఒప్పుకుంది. అది రాజీ ప్రయత్నం. అక్కడి అధికారి కృష్ణుడిలాగే చెప్పగలడు, విధించలేడు. ఇరుపక్షాలూ రాతపూర్వకంగా ఒప్పుకొని ఒకరి నిర్ణయానికి కట్టుబడితే అది మధ్యవర్తిత్వం. ట్రిబ్యునల్ చెప్పేది తీర్పు. విలేకరులు మూడింటినీ ఒకే గాటన కడుతున్నారు. రాజీ ప్రయత్నం సాగుతుండగానూ, ముగిసిన 7 రోజుల దాకానూ సమ్మె నిషిద్ధమన్నప్పుడు, ఏ మాట వాడామన్నది ఉద్యోగికి చిన్న విషయం కాదు.

'మూకుమ్మడి సెలవు' సంగతీ అంతే. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, సగం మంది లేదా అంతకు మించి కూడబలుక్కొని ఒకే రోజు క్యాజువల్ సెలవు పెడితే అది సమ్మే. విమాన సర్వీసుల వంటి ప్రజోపయోగ సేవలకే ఉండిన 14 రోజుల ముందస్తు నోటీసు నిబంధన ఇప్పుడు పారిశ్రామిక సంస్థలన్నిటికీ వర్తిస్తుంది.

నడుమ నిలిచేవాడెవడైనా మధ్యవర్తే కనుక పత్రికల వాడుకను పూర్తిగా తప్పనలేను. చట్టం గురించి రాసేటప్పుడు మాత్రం 'వివాదంలో రాజీ ప్రయత్నం' అనండి.