నడకలు గీసిన బ్యాటర్

సందేహం: మా తెలుగు సంఘం ప్రత్యేక సంచిక కోసం బేస్‌బాల్ ఆటగాడు హువాన్ సోటో తొలి సంవత్సరాల మీద చిన్న వ్యాసం రాశాను. ‘ప్లేటు క్రమశిక్షణ గల యువ బ్యాటర్’ అనీ, ‘నడకలు గీయడంలో దిట్ట’ అనీ రాస్తే చదివిన మిత్రులు నవ్వారు. ఇంగ్లీషులో ‘ప్లేట్ డిసిప్లిన్’, ‘డ్రా ఎ వాక్’ అనే మాటలకు నిఘంటువులో ఉన్న అర్థాలే కదా రాశాను! ఎలా రాసి ఉండవలసింది?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

సమాధానం: మిత్రులు నవ్వారని నొచ్చుకోకండి, నేనూ నవ్వాను. మీరు ఒక్కొక్క మాటకు అర్థం సరిగానే వెతికారు. ఆ అర్థాలు పక్కపక్కన చేరాక ఏమి చెబుతున్నాయో మాత్రం చూసుకోలేదు.

ఈ ఆట తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. బ్యాటర్ నిలబడే చోట నేలలో అమర్చిన అయిదు మూలల తెల్లని రబ్బరు పలకే హోమ్ ప్లేటు. దాని వెడల్పు 17 అంగుళాలు. ఆ వెడల్పులో, బ్యాటర్ మోకాలి దిగువ నుంచి రొమ్ము ఎత్తు వరకు ఉన్న గాలిలో ఒక కనిపించని చట్రం ఉంటుంది. బంతి ఆ చట్రంలోంచి పోతే మంచి బంతి; దాన్ని వదిలేస్తే బ్యాటర్‌కు నష్టం. చట్రం బయట పోయే బంతులను బ్యాటు ఊపకుండా నాలుగు వదిలితే అతడు పరుగెత్తనక్కరలేదు, తాపీగా నడుచుకుంటూ మొదటి బేసుకు, అంటే పరుగు దారిలో మొదటి మజిలీకి, వెళ్లవచ్చు. మీ ‘నడక’ అదే.

ముందు ప్లేటు సంగతి. ఒకప్పుడు అక్కడ గుండ్రని ఇనుప పలక ఉండేది, ఆ పేరు అలాగే నిలిచిపోయింది. తెలుగులో మనకు తెలిసినవి రెండే ప్లేట్లు: ఇడ్లీలు పెట్టుకునేది ఒకటి, రాజకీయ నాయకులు ఫిరాయించేది మరొకటి. కాబట్టి ‘ప్లేటు క్రమశిక్షణ’ అనగానే పెట్టింది పారేయకుండా బుద్ధిగా తినే పిల్లవాడు కళ్లముందు కనిపిస్తాడు. ఆ పిల్లవాడు మంచివాడే, కానీ సోటో కాదు.

క్రమశిక్షణ కూడా ఇక్కడ పొసగని మాట. బడిలో గంట కొట్టగానే వరసలో నిలబడటం, పార్టీ చెప్పిన మాట జవదాటకపోవడం, దాటితే ‘క్రమశిక్షణ చర్యలు’. ఈ మాట వెనక ఎప్పుడూ ఇంకొకరు పెట్టిన క్రమం ఉంటుంది. సంస్కృతంలో శిక్ష అంటే నేర్పడం, నేర్చుకోవడం. తెలుగులోకి వచ్చేసరికి దాని చేతికి బెత్తం వచ్చింది. బంతి, దాన్ని విసిరే పిచర్ చేయి విడిచాక బ్యాటర్‌ను చేరడానికి అర సెకను కూడా పట్టదు. ఆ లోపల కొట్టాలో వదలాలో అతడు తనకు తానే తేల్చుకోవాలి. అది ఆజ్ఞాపాలన కాదు.

‘నిగ్రహం’ దీనికి దగ్గరగా వస్తుంది. పట్టి ఆపడం అని దాని అర్థం. అయితే ఒట్టి నిగ్రహమే అయితే బ్యాటు కదపకుండా నిలబడే స్తంభం కూడా గొప్ప బ్యాటరే! మూడు మంచి బంతులు వదిలితే ఔటు. సోటో వదిలేవాడు మాత్రమే కాదు. 2018 మేలో, 19 ఏళ్ల వయసులో, వాషింగ్టన్ నేషనల్స్ జట్టుకు మొదటి నుంచీ బరిలో ఉండి ఆడిన తొలి ఆటలో తనకు పడిన మొదటి బంతినే, మన సిక్సర్ లాంటి హోమ్ రన్‌గా మలిచాడు. అదే కుర్రాడు ఆ ఏడాది 116 ఆటల్లో 79 సార్లు నడుచుకుంటూ బేసుకు వెళ్లాడు. అతడికి ఉన్నది వేరు చేయగల చూపు. వివేకం అనే మాటకు మూలార్థం అదే, వేరు చేయడం. పాలనూ నీళ్లనూ వేరు చేసే హంసది నీరక్షీర వివేకం. ఆటల పేజీలోకి హంసను దించమని నేను చెప్పను గాని, భావం మాత్రం సరిగ్గా అది.

దారి క్రికెట్ వార్తల్లోనే ఉంది. ‘షాట్ల ఎంపిక’ అనే మాట మన పత్రికల్లో ఏనాడో స్థిరపడింది. దాని పక్కన ‘బంతుల ఎంపిక’ ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. పైగా ఎంపిక వెనక ఉన్న ‘ఎంచు’ క్రియ చాలా పనిమంతురాలు. లెక్కపెట్టడం, ఏరుకోవడం, తప్పు పట్టడం మూడూ అదే చేస్తుంది. నాలుగు చెడ్డ బంతుల దాకా లెక్క చూసుకుంటూ, ప్రతి బంతిలో తప్పు వెతుకుతూ, తనకు కావలసిన ఒక్కటి ఏరుకునేవాడికి ఇంతకన్నా తగిన క్రియ ఏ భాషలో దొరుకుతుంది?

ఇక నడక. మన క్రికెట్ భాషలో నడిచిన బ్యాటర్ ఔటైనట్టే. పెవిలియన్ బాట పడతాడు. అంపైర్ వేలెత్తకముందే తన తప్పు ఒప్పుకుని వెళ్లిపోయే పెద్దమనిషిని కూడా ‘నడిచాడు’ అంటారు. ‘సోటో 2021లో 145 సార్లు నడిచాడు’ అని రాస్తే, పాపం ఎన్నిసార్లు ఔటయ్యాడో అని గుంటూరులో ఎవరో జాలిపడతారు. కనుక ‘వాక్’ అనే ఉంచండి. దానితోనూ ఒక చిక్కుంది. బస్, బ్యాంక్‌లకు చేర్చినట్టు దీనికీ ఉకారం చేర్చారంటే ‘వాక్కు’ అవుతుంది. 145 వాక్కులు పలికినవాడు ప్రవచనకర్త అవుతాడు. ఇక్కడ మాత్రం పొల్లు విడవకుండా ‘వాక్‌లు’ అనే రాయండి.

‘గీయడం’ ఎలా వచ్చిందో ఊహించగలను. ఇంగ్లీషులో డ్రా ఒక్కటే నాలుగిళ్ల కాపురం చేస్తుంది. మనం బొమ్మ గీస్తాం, నీళ్లు తోడతాం, బండి లాగుతాం, జీతం అందుకుంటాం. గీసి బయటికి రప్పించేది తెలుగులో నాకు తెలిసి కల్లు ఒక్కటే. బ్యాటర్ గీత కార్మికుడు కాడు గనక, ఇక్కడ కావలసిన క్రియ ‘రాబట్టు’. మొండి బాకీ రాబడతాం, రహస్యం రాబడతాం. ఇవ్వడానికి ఇష్టం లేనివాడి దగ్గర నుంచే దేన్నయినా రాబడతాం. పిచర్‌కూ ఇవ్వడం ఇష్టం లేదు. సోటో బంతిని వదిలాక ఒళ్లు వంచి, కాలు నేలమీద ఈడ్చి, పిచర్ కళ్లలోకి చూసే తీరు తెలిసినవారికి ఈ క్రియ మరీ నచ్చుతుంది.

ఒక్క జాగ్రత్త. ‘సోటో వాక్ రాబట్టి మొదటి బేసు చేరాడు’ అని రాయకండి. ‘వాన రాబట్టి పంట నిలిచింది’ అంటాం కదా, ఆ రాబట్టి కూడా ఇలాగే ఉంటుంది. రెండింటిలోనూ ఉన్నది ‘పట్టు’ క్రియే. ఒక అర్థంలో అతడు సాధించాడు, మరో అర్థంలో వాక్ దానంతట అదే వచ్చింది గనక వెళ్లాడు. ఆటగాడికి దక్కవలసిన గొప్పంతా ఒక్క ఇకారంలో ఆవిరైపోతుంది. ‘రాబట్టుకుని’ అంటే గొడవ లేదు. మీ వాక్యాన్ని నేనయితే ఇలా రాస్తాను: ‘కొట్టదగిన బంతి కోసం ఆగడం ఇరవై ఏళ్లయినా నిండకముందే తెలిసినవాడు, అది పడకపోతే వాక్ రాబట్టుకుని వెళతాడు.’

బ్యాటర్‌కు భయపడి ప్రత్యర్థి జట్టే కావాలని ఇచ్చే వాక్‌లు కూడా ఉంటాయి. 2017 నుంచి అమెరికా పెద్ద లీగ్‌లో వాటికి నాలుగు బంతులు వేయడం కూడా అక్కరలేదు, సైగ చేస్తే చాలు. అక్కడ రాబట్టడం ఏమీ లేదు. ‘వాక్ ఇచ్చారు’ అనాలి. 2004లో బ్యారీ బాండ్స్ అనే బ్యాటర్‌కు దక్కిన 232 వాక్‌లలో 120 ఇచ్చినవి, రాబట్టినవి 112. సోటో అంకెలు వేసేటప్పుడు కూడా ఈ రెండు పద్దులూ విడిగా చూసుకోండి.