ఎవరి చేయి ఎవరు పట్టుకోవాలి?

ప్రశ్న: రోడ్డు పక్కన నిలబడ్డ చూపులేని ఒకాయన్ని చేయి పట్టుకుని దాటించబోతే విసురుగా విడిపించుకున్నారు. సాయం చేస్తే అంత కోపమెందుకు? అసలు ఎలా చేయాలి?

జవాబు: కోపం కంటే ముందు భయం వేసి ఉంటుంది. పట్టుకున్నది ఎవరో, ఎటు లాగుతున్నారో తెలియదు. అది కర్ర ఉన్న చేయి అయితే దారి చెప్పే ఆధారం కూడా పోయింది. పైగా మీరు ఆయన చేయి పట్టుకుంటే ముందు నడిచేది ఆయనే. గుంట వచ్చినా మెట్టు వచ్చినా ముందు తగిలేది ఆయన కాలికే.

పట్టుకోవలసింది ఆయన. పక్కకు వచ్చి, ‘రోడ్డు దాటాలా అండీ? సాయం కావాలా?’ అని మామూలు గొంతుతో అడగండి. వద్దంటే వదిలేయండి. సరేనంటే మీ చేతి వెనక భాగాన్ని ఆయన చేతికి ఆనించండి. ఆయనే తడుముకుంటూ పైకి వచ్చి మీ మోచేతికి కాస్త పైన పట్టుకుంటారు, బొటనవేలు బయటికి, మిగతా వేళ్లు మీ ఒంటి వైపుకి. మీరు అర అడుగు ముందు నడవండి. మీరు మెట్టెక్కితే ఆ చేయి లేస్తుంది, దిగితే దిగుతుంది. నోటితో చెప్పేలోపే ఆయనకు తెలిసిపోతుంది.

దారి ఇరుకైతే ఆ చేతిని మీ నడుం వెనక్కి పెట్టండి, ఆయన మీ వెనక్కి వచ్చేస్తారు. మెట్ల దగ్గర ఆగి, పైకా కిందికా చెప్పండి. చివరి మెట్టు అయ్యాక కూడా ఆగి ‘అయిపోయాయి’ అనండి. చాలామంది మరిచిపోయేది ఇదే. లేని మెట్టు కోసం కాలు చాపినా పడతారు. కుర్చీ దగ్గరికి వెళ్లాక భుజాలు నొక్కి కూలేయకండి. కుర్చీ వీపు మీద ఆయన చేయి ఆనేలా చూస్తే చాలు, కూర్చోవడం ఆయనకు వచ్చు. వెళ్లిపోయేటప్పుడు చెప్పి వెళ్లండి, లేకపోతే మీరు వెళ్లిపోయాక కూడా ఆయన గాలితో మాట్లాడుతూ నిలబడతారు. నడిమధ్యలో కాకుండా గోడో స్తంభమో చేతికి అందే చోట వదలండి. లేకపోతే మీరు వెళ్లిపోయాక కూడా ఆయన గాలితో మాట్లాడుతూ నిలబడతారు.

‘అదిగో, అక్కడ’ అని చూపించడం వృథా. ‘మీ ఎడమ పక్కన, నాలుగు అడుగుల్లో తలుపుంది’ అనండి. అలాగని ‘చూద్దాం’, ‘కనబడతాను’ లాంటి మాటలు నోట్లోనే మింగేయనక్కర్లేదు. వాళ్లూ అవే మాటలు వాడతారు.

ప్రశ్న: ఒకావిడ వీల్‌ఛైర్‌ని మెట్టు మీదికి ఎత్తబోతే కుర్చీ చేయి ఊడి మా చేతిలోకి వచ్చింది. ఎక్కడ పట్టుకోవాలి?

జవాబు: ఆ ప్రశ్న ఎత్తకముందు ఆవిణ్ణే అడగాలి. ఏది ఊడుతుందో, ఏది బిగించి ఉందో కుర్చీలో కూర్చున్న మనిషికే తెలుసు. చాలా కుర్చీలకు చేతులు, పాదాలు పెట్టుకునే పలకలు తీసి పెట్టేలా ఉంటాయి. వాటిని పట్టుకుని ఎత్తితే మీకు జరిగిందే జరుగుతుంది.

ఒక్క మెట్టుకి కుర్చీని ఎత్తే పని లేదు. మెట్టుకి ఎదురుగా తెచ్చి, ‘వెనక్కి వంచుతున్నాను’ అని చెప్పండి. వెనక కింది వైపు పొడుచుకొచ్చిన గొట్టాన్ని పాదంతో తొక్కుతూ పిడులను మీ వైపు లాగితే ముందరి చిన్న చక్రాలు లేస్తాయి. వాటిని మెట్టు మీద పెట్టి, పెద్ద చక్రాలు అంచుకి తగిలేదాకా తోసి, అప్పుడు పైకి నెట్టండి. దిగేటప్పుడు కుర్చీని తిప్పేసి మీరు ముందు దిగండి, పెద్ద చక్రాలు మీ వెనకే నెమ్మదిగా దిగుతాయి. నిటారు ర్యాంపు దిగడమూ ఇలాగే. ముఖం ముందుకు పెట్టి గబగబా తోస్తే చిన్న చక్రం ఏ సందులోనో ఇరుక్కుంటుంది, కుర్చీ ఆగుతుంది, మనిషి ఆగరు. ఆపిన ప్రతిసారీ రెండు వైపులా బ్రేకు వేయండి. మోటారు కుర్చీలను ఎత్తే సాహసం వద్దు, 100 కిలోలు దాటేవి ఉంటాయి.

మాట సాగేలా ఉంటే మీరూ ఒక కుర్చీ లాక్కుని కూర్చోండి. తలెత్తి మాట్లాడితే మెడ పట్టేస్తుంది.

ప్రశ్న: వినబడని సహోద్యోగి పెదవులు చూసి అర్థం చేసుకుంటారు. ఎంత గట్టిగా చెప్పినా సగం తప్పుగానే అందుకుంటున్నారు.

జవాబు: అద్దం ముందు నిలబడి, శబ్దం రాకుండా ‘పాట, బాట, మాట’ అనండి. మూడింటికీ పెదవులు ఒకేలా కదులుతాయి. క, గ అయితే నోటి వెనక ఎక్కడో పుడతాయి, పెదవుల మీద జాడే ఉండదు. ఆయన చూసింది కొంత, సందర్భాన్ని బట్టి ఊహించింది మిగతాదంతా. కాబట్టి ముందు విషయం చెప్పండి: ‘రేపటి మీటింగు గురించి.’ విషయం మారితే మారిందని చెప్పండి. ఒకే మాటను మూడుసార్లు అనే బదులు అదే అర్థం వచ్చే వేరే మాట వాడండి. తేదీలు, అంకెలు, పేర్లు రాసి చూపించండి.

అరిస్తే పెదవుల ఆకారం చెడుతుంది. చెవి మిషన్ ఉన్నవారికైతే ఆ అరుపు ఇంకా పెద్దదై గోల మాత్రమే మిగులుతుంది. కిటికీకి వీపు పెట్టి నిలబడకండి, మీ ముఖం నీడలో పడుతుంది. సైగల భాష తెలిసిన దుభాషి పక్కన ఉన్నా మీ చూపు సహోద్యోగి మీదే ఉండాలి. ‘ఎప్పుడొచ్చారో అడగండి’ అని దుభాషికి చెప్పకుండా, ‘మీరు ఎప్పుడొచ్చారు?’ అని ఆయన్నే అడగండి.

ప్రశ్న: మాట స్పష్టంగా రాని మనిషి చెప్పింది అర్థం కాకపోతే తలూపేయొచ్చా?

జవాబు: వద్దు. ఆ విషయం ఆయనకు ఇట్టే తెలిసిపోతుంది. అర్థమైనంత వరకు తిరిగి చెప్పి, ‘ఆ తర్వాత?’ అనండి. నత్తి ఉన్నవారి వాక్యాన్ని మీరు పూర్తి చేయకండి, వాళ్లు అనబోయిన మాట వేరే అయి ఉంటుంది.

ప్రశ్న: వికలాంగులు, దివ్యాంగులు – ఏమనాలి?

జవాబు: ఎదురుగా ఉంటే పేరు పెట్టి పిలవండి. గౌరవం కోసం తెచ్చిన ‘దివ్యాంగులు’ కొందరికి నచ్చుతుంది, కొందరికి ఎబ్బెట్టుగా ఉంటుంది. వైకల్యం ఉన్నవారి హక్కుల మీద ఐక్యరాజ్యసమితి 2006లో చేసిన ఒప్పందం ఇంగ్లీషులో ‘పర్సన్స్ విత్ డిజెబిలిటీస్’ అంటుంది, ముందు మనిషి, తర్వాత వైకల్యం. తెలుగులో మాటల వరస మారినా అదే అర్థంతో ‘వైకల్యం ఉన్న వ్యక్తి’ అంటే సరిపోతుంది. వినబడనివారిని ‘మూగ’ అనడం తప్పు కూడా, చాలామందికి గొంతులో ఏ లోపమూ ఉండదు.

పేరు కంటే ముందు చూసుకోవలసింది ‘నువ్వు’. నలభై ఏళ్ల మనిషిని, బుద్ధిమాంద్యం ఉందనో కుర్చీలో ఉన్నారనో, కొత్తవాళ్లు కూడా ‘నువ్వు’ అంటారు. అంతకన్నా ఘోరం, పక్కనున్న వారి వైపు తిరిగి ‘ఈయనకు మంచినీళ్లు కావాలా?’ అని అడగడం. దాహం ఎవరిదో వారినే అడగండి, ‘మీరు’ అంటూ.