ఆసియా బీర్లన్నీ నీళ్లలాంటివేనా?

మన కింగ్‌ఫిషర్ మొదలు జపాన్ అసాహి, సింగపూర్ టైగర్ వరకు అన్నీ చప్పగా ఉంటాయన్న మాట నిజమేనా అన్నది ప్రశ్న. చాలావరకు నిజమే, కానీ అది లోపం కాదు. బార్లీ మాల్ట్‌తో (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీతో) పాటు బియ్యమో మొక్కజొన్నో వాడితే బీరు తేలికవుతుంది, మాల్ట్ రుచి తగ్గుతుంది. 1987లో వచ్చిన అసాహి సూపర్ డ్రై ఇందుకు మంచి ఉదాహరణ: 5 శాతం ఆల్కహాల్, గుటక దిగాక నాలుక మీద తీపి మిగలదు. కారం దట్టించిన చిత్తూరు కోడి వేపుడు పక్కన అదే హాయి.

మన బీర్లకు చెడ్డపేరు తెచ్చింది 8 శాతం దాకా ఉండే స్ట్రాంగ్ రకాలేనని నా అభిప్రాయం. వాటిలో తీపి, ఆల్కహాల్ ఘాటు ముందుకొస్తాయి.

అసలు నష్టం నిల్వలో జరుగుతుంది. తిరుపతి మే ఎండలో, ఏసీ లేని గోదాములో వారాల తరబడి ఉన్న సీసాకు తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. ఆకుపచ్చ సీసాకు వెలుతురు తగిలితే బీరుకు చేదునిచ్చే హాప్స్ పువ్వుల సారం చెడి గంధకపు కంపు కొడుతుంది; గోధుమరంగు సీసా గానీ డబ్బా గానీ నయం. తయారీ తేదీ చూసి, మూడు నెలలు దాటనిదే కొనండి. ఫ్రిజ్‌లో నాలుగు గంటలుంచి, గ్లాసులో రెండు వేళ్ల నురగ వచ్చేలా పొయ్యండి. గడ్డకట్టేంత చల్లబరిస్తే మంచి బీరూ చప్పనే.