కొత్త కుక్కలో పాత కుక్కను వెతకకు

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. ‘టామీ అయితే ఇలా చేసేవాడు కాదు అత్తయ్యా’ అన్న మాట అందులో చాలాచోట్ల కనబడింది. టామీ మీ పిల్లలతో పాటు పెరిగాడు. వాడు పోయిన బాధ మీకు ఇంకా తీరలేదని నాకు తెలుసు. కానీ ఇప్పుడు నీ ఇంట్లో ఉన్నది చిట్టి. బంతి విసిరితే చూసి ఊరుకుంటుందని, ఒళ్ళోకి పిలిస్తే రాదని, గొడుగు తెరిస్తే బల్ల కిందికి దూరి మొరుగుతుందని, ఎవరి చెప్పు దొరికినా తన పడక మీదికి చేరుస్తుందని రాశావు. ఇవన్నీ ఎలా మాన్పించాలని అడిగావు. నా సలహా ఒకటే. కొంతకాలం ఏదీ మాన్పించకు. ముందు అది ఎలాంటిదో తెలుసుకో. తెలిశాక మాన్పించవలసినవి ఒకటో రెండో మిగులుతాయి, అంతే.

చిట్టి జాతి కుక్కలకు ఆటంటే ప్రాణమని అందరూ అన్నారట. జాతిని బట్టి ఒళ్ళు ఎంత పెరుగుతుందో, బొచ్చు ఎలా ఉంటుందో చెప్పవచ్చు. స్వభావం విషయంలో జాతిని నమ్ముకోవడానికి లేదు. అమెరికాలో 18,000కు పైగా కుక్కల గురించి వాటి యజమానులను అడిగి, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులను పరిశీలించి 2022లో ఫలితాలు ప్రకటించారు. ఒక కుక్కకూ మరో కుక్కకూ ప్రవర్తనలో ఉండే తేడాల్లో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమే అని తేలింది. నాకది వింత అనిపించలేదు. ఒకే ఈతలో పుట్టిన రాజును, రాణిని నేను ఒకే ఇంట్లో పెంచాను. గేటు చప్పుడైతే రాజు అందరికంటే ముందు అక్కడ ఉండేవాడు. రాణి మాత్రం వచ్చినవాళ్ళు కూర్చుని మాటల్లో పడేదాకా ఆగి, వెనకనుంచి వచ్చి వాళ్ళ పాదాల వాసన చూసి, నచ్చితే అప్పుడు తోక ఊపేది. చివరిదాకా అది అంతే. దానికి మనుషులు ఇష్టం లేక కాదు, తొందర ఇష్టం లేక.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకో. కుక్కపిల్లకు మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగో వారం దాకా ఉండే వయసు చాలా ముఖ్యమైనది. అప్పుడు చూసినవీ విన్నవీ దానికి మామూలు విషయాలుగా మిగిలిపోతాయి. అప్పుడు ఎదురుకానివాటిని పెద్దయ్యాక అనుమానంగా చూస్తుంది. చిట్టి మీ దగ్గరికి వచ్చేసరికే ఏడాది నిండింది. ఆ తొలి వారాలు అది ఎక్కడ, ఎవరి మధ్య గడిపిందో మనకు తెలియదు. కాబట్టి దాని భయాలను పెంకితనంగా లెక్క కట్టకు.

ఒక నోటుపుస్తకం పెట్టుకో. ‘మొండిది’, ‘పిరికిది’ లాంటి మాటలు అందులో రాయవద్దు, అవి మన తీర్పులు. చూసింది మాత్రమే రాయి. ఏ వేళ, ఇంట్లో ఎవరున్నారు, దానికి ముందు ఏం జరిగింది, అది ఏం చేసింది, ఆ తరవాత మీరు ఏం చేశారు. ఈ ఆఖరిది తప్పకుండా రాయి. మొరగగానే మనం ‘ఏమిటే’ అంటూ లేచి వెళ్తాం. నాలుగుసార్లు అలా జరిగితే మనల్ని లేపడానికి మొరగాలని దానికి అర్థమవుతుంది. అలాంటి అలవాటు కుక్కది కాదు, మనం నేర్పినది. దాన్ని తీసెయ్యడం కూడా సులువే. ఊరికే ఉన్నప్పుడు పలకరించు, మొరిగినప్పుడు లేవకు.

చెప్పుల సంగతి. కొరకడం లేదు, పక్కన పెట్టుకుని పడుకుంటుంది అన్నావు కదా. మన ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు అరవై లక్షల దాకా ఉంటాయంటారు. కుక్కకు ఇరవై ముప్పై కోట్లు. రోజంతా నీ కాలికి ఉన్న చెప్పులో దానికి నువ్వు దొరుకుతావు. అది ఎవరి చెప్పును ఎక్కువగా తీసుకెళ్తుందో, ఆ వేళకు ఆ మనిషి ఇంట్లో ఉన్నారో లేదో చూడు. మీరు బయటికి వెళ్ళినప్పుడే ఆ పని చేస్తుంటే, నువ్వు వాడిన పాత తువ్వాలు ఒకటి ఉతకకుండా దాని పడక మీద వెయ్యి, చెప్పులు అందకుండా లోపల పెట్టించు. వెంటపడి లాక్కోవడం మాత్రం వద్దు. కొన్ని కుక్కలు దాన్ని ఆట అనుకుంటాయి. కొన్ని ఇక మీదట నోట్లో ఉన్నది గట్టిగా కాపాడుకోవాలని నేర్చుకుంటాయి, అది ప్రమాదం. దానికి ఇంకా ఇష్టమైనది చూపించు, చెప్పు వదిలిపెట్టగానే అది ఇచ్చెయ్యి.

బంతి వెంట పరుగెత్తని కుక్కకు ఆటలు లేవని కాదు. నడకలో ప్రతి గడ్డిమొక్క దగ్గరా ఆగుతోందని విసుక్కున్నావు. అదే దాని ఆట! రోజూ ఒక నడకను పూర్తిగా చిట్టికి వదిలెయ్యి. ఎంత దూరం వెళ్ళారని చూడకు. తాడు వదులుగా పట్టుకుని, అది ఆగినచోట ఆగు. ఇంట్లో తువ్వాలు మడతల్లో తినుబండారం ముక్కలు దాచి వెతకనివ్వు. ఆ కాసేపటి వెతుకులాటతో అది హాయిగా అలసి నిద్రపోతుంది. అంత పరుగెత్తించినా టామీ అలసిపోయేవాడు కాదు, గుర్తుందా? ఇద్దరికీ ఒకే మందు పనిచెయ్యదు.

ఇక ఒళ్ళోకి రాకపోవడం. కాస్త దూరంలో, నువ్వు కనబడేలా పడుకుంటుందా? నువ్వు గది మారితే తనూ మారుతుందా? అయితే అది నీతోనే ఉంది, ఒళ్ళో కాదు, అంతే. ముట్టుకోవడం దానికి ఎంతవరకు ఇష్టమో తెలుసుకోవడానికి తేలిక దారి ఉంది. తల మీద చెయ్యి వెయ్యకుండా, ఛాతీ మీదో భుజం పక్కనో నాలుగు క్షణాలు నిమిరి చెయ్యి తీసెయ్యి. ముందుకు వచ్చి ఆనుకుంటే ఇంకా కావాలని. మొహం పక్కకు తిప్పినా, పెదవులు నాకినా, నిద్ర వేళ కాకుండా ఆవులించినా చాలని అర్థం. ఈ పరీక్ష పిల్లలకు తప్పక నేర్పు. మెడ చుట్టూ చేతులు వేసి కౌగిలించుకోవడం పిల్లలకు ప్రేమ, చాలా కుక్కలకు ఇరుకు. తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు దాని దగ్గరికి వెళ్ళవద్దని కచ్చితంగా చెప్పు.

తోక ఊపితే సంతోషమే అనుకోవడం కూడా పూర్తిగా నిజం కాదు. ఇటలీలోని బారీ విశ్వవిద్యాలయం వాళ్ళు 2007లో గమనించినదాని ప్రకారం, యజమానిని చూసినప్పుడు కుక్కల తోక కుడివైపు ఎక్కువగా ఊగింది, పరాయి గట్టి కుక్కను చూసినప్పుడు ఎడమవైపు. మన కళ్ళకు ఆ తేడా అందడం కష్టం. కాబట్టి ఒళ్ళంతా చూడు. నడుము కూడా ఊగుతూ ఒళ్ళు వదులుగా ఉంటే సంతోషం. ఒళ్ళు బిగుసుకుని తోక మాత్రమే పైకి లేచి చిన్నగా కొట్టుకుంటుంటే జాగ్రత్త.

నీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టిన వాక్యం ఒక్కటే. గిన్నె దగ్గరికి బాబు వెళ్తే చిట్టి గుర్రుమందని, మీ ఆయన గట్టిగా అదిలించాడని రాశావు. తల్లీ, గుర్రుమనడాన్ని ఎప్పుడూ శిక్షించవద్దు. ‘నాకు ఇబ్బందిగా ఉంది, దగ్గరికి రావద్దు’ అని చెప్పడానికి కుక్కకు ఉన్న మర్యాదైన మాట అది. ఆ మాట అన్నందుకు దెబ్బలు తింటే ఇబ్బంది పోదు, మాట పోతుంది. ఆ తరవాత హెచ్చరిక లేకుండా కరిచే కుక్క తయారవుతుంది. గిన్నెను మనుషులు తిరగని మూలకు మార్చండి. అది తింటున్నప్పుడు పెద్దవాళ్ళు దూరంగా నడుస్తూ, మంచి ముక్క ఒకటి దానివైపు వేసి ఆగకుండా వెళ్ళిపోవాలి. రోజులు గడిచేకొద్దీ మీ అడుగుల చప్పుడు కోసం అది ఎదురుచూడటం మొదలుపెడుతుంది. పిల్లలు ఈ పని చెయ్యకూడదు. గుర్రుమనడం పెరిగినా, పళ్ళు చూపించినా కుక్కల ప్రవర్తన తెలిసిన పశువైద్యుడి దగ్గరికి వెళ్ళండి.

‘తప్పు చేసినట్టు మొహం పెడుతుంది, అంటే తెలిసే చేస్తోంది’ అన్నావు. అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో దీన్నే పరీక్షించారు. తినవద్దన్నది తిన్న కుక్కా, తినని కుక్కా, యజమాని తిట్టినప్పుడు ఒకేలా మొహం పెట్టాయి. ఆ చూపు మన గొంతుకు, మన కోపానికి జవాబు. నువ్వు ఇంటికొచ్చి చిరిగిన దిండు చూసి అరిస్తే, నీ అరుపుకూ ఆ దిండుకూ ఉన్న సంబంధం దానికి తెలియదు. వచ్చిన నిన్ను చూసి భయపడటం మాత్రం నేర్చుకుంటుంది.

గొడుగు భయానికి ఓపిక కావాలి. మూసిన గొడుగును గదికి ఆ చివర నేల మీద పెట్టి, ఈ చివర చిట్టికి ఇష్టమైనది తినిపించు. తింటే దూరం సరిపోయింది. ఎంత ఇష్టమైనదైనా ముట్టకపోతే చాలా దగ్గరగా పెట్టావని అర్థం, వెనక్కి జరుపు. మూసిన గొడుగు పక్కన నిశ్చింతగా తిరగడం మొదలుపెట్టాకే కొద్దిగా తెరిచి మళ్ళీ దూరం నుంచి మొదలుపెట్టు. భయపడినప్పుడు దగ్గరికి వస్తే నిమరవచ్చు. ఓదారిస్తే భయం పెరుగుతుందన్నది వట్టి మాట.

ఇన్ని చెప్పాక ఒక మినహాయింపు చెప్పాలి. ఉన్న అలవాటు హఠాత్తుగా మారితే దాన్ని స్వభావం అనుకోవద్దు. ఎప్పుడూ ముట్టుకోనిచ్చే కుక్క ఒక్కసారిగా చెయ్యి పడనివ్వకపోయినా, మెట్లు ఎక్కే కుక్క కిందే నిలబడిపోయినా, ముసలి కుక్క రాత్రిళ్ళు ఇల్లంతా తిరుగుతూ మూలల్లో చిక్కుకుని నిలబడినా, ముందు నొప్పి గురించి, జబ్బు గురించి ఆలోచించాలి. రాణికి కీళ్ళనొప్పులని డాక్టరు కనిపెట్టింది ఇలాగే. సోఫా ఎక్కడం మానేసిందని చెప్తే, వెనక కాళ్ళు చూశారు. నోటుపుస్తకం ఉంటే ఎప్పటినుంచి అని డాక్టరు అడిగినప్పుడు తేదీ చెప్పగలుగుతావు.

ఈ పుస్తకం పని పెద్దమ్మాయికి అప్పగించు. దానికి ఓపిక ఎక్కువ, కళ్ళు చురుకు. గిన్నె మార్చిన సంగతి మాత్రం ఈ వారంలోనే ఫోను చేసి చెప్పు.

ఇట్లు,
మీ అత్తయ్య